బదులు మనిషి

"ఒంట్లో బాగాలేక పనికి రాలేనివారు తమ బదులు మనిషిని తామే చూసుకోవలెను."

మాయ్‌సీ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి చెరిపేసింది. తెర మీద ఖాళీ ఏర్పడగానే కింది వాక్యాలు పైకి జరిగి, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు సర్దుకున్నాయి. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో కొత్త ఉద్యోగులందరికీ మొదటిరోజు ఇచ్చే నియమాల పుస్తకం అది. నది అవతల విస్కాన్సిన్‌లో ఉన్న పెద్ద ఫ్యాక్టరీ కోసం రాసిన పుస్తకాన్నే ఇక్కడ సెయింట్ పాల్‌లోనూ అట్ట మార్చి పంచుతూ వచ్చారు. సిక్ లీవు విషయంలో ఇక్కడి నగర చట్టం వేరని ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు నగర అధికారులు శుక్రవారం వచ్చి చూస్తామన్నారు.

"ఏమ్మాయ్, అయిందా?" డార్లీన్ తలుపులోంచి తొంగిచూసింది. సిబ్బంది వ్యవహారాలన్నీ ఆవిడవే. మాయ్‌సీ ఆవిడ కింద సహాయకురాలు.

"ఇది అయిందండీ. ఇంకా ఉన్నాయి. మొదటి రోజే డాక్టరు చీటీ తెమ్మనడం కుదరదట. సిక్ లీవు వాడుకున్నవాళ్లకి ఉద్యోగానికి ఎసరు తెచ్చే గైర్హాజరు పాయింటు వేయడమూ కుదరదు."

"నది దాటితే అన్నీ కుదురుతాయి." డార్లీన్ నిట్టూర్చింది. "అదే కంపెనీ, అవే దుప్పట్లు. మధ్యలో ఓ నది వచ్చి నా ప్రాణానికి చుట్టుకుంది."

"ఈ పేజీ ఎప్పట్నుంచి అమల్లో ఉందని అడిగితే?"

"'ప్రస్తుతం మా నియమం ఇదీ' అను. ప్రస్తుతం అన్న మాటకి ఎవరూ వంక పెట్టలేరు." ఆవిడ నవ్వబోయింది గాని నవ్వు పూర్తిగా రాలేదు. "చూడు, పైవాళ్లు దీనికి ఎవరో ఒకర్ని బాధ్యుల్ని చెయ్యాలనుకుంటే ఈ గదిలో ఉన్నది మనిద్దరమే."

మాయ్‌సీ తలూపి మళ్లీ తెర వైపు తిరిగింది. వాళ్లింట్లో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం తెచ్చుకున్నది తనొక్కతే. ఆ కుర్చీ ఎంత తేలికైనదో ఆ పూటే మొదటిసారి తెలిసినట్టనిపించింది.

మర్నాడు సిక్ లీవు హక్కుల పోస్టర్లు పట్టుకుని యంత్రాలుండే ఫ్లోరు మీదికి వెళ్లింది. ఇంగ్లీషులో ఒకటి, స్పానిష్‌లో ఒకటి, లావోస్ నుంచి వలస వచ్చిన మాయ్‌సీ వాళ్ల మోంగ్ భాషలో ఒకటి. తలుపు తీయగానే ఆవిరి మొహానికి కొట్టింది. బయట ఫిబ్రవరి మంచు గడ్డకట్టి ఉంటే, లోపల ఆడవాళ్ల వీపుల మీద చెమట చారలు కట్టి ఉంది. అందరికీ అవే నీలం గౌన్లు, అవే తల వలలు, అవే మాస్కులు. ఇస్త్రీ యంత్రం దగ్గర ఇద్దరిద్దరు నిలబడి, తడి దుప్పటి రెండు కొసలూ పట్టుకుని, ఒక్కసారి విదిలించి వేడి రోలర్ల నోటికి అందిస్తున్నారు. విదిలించినప్పుడల్లా చప్పట్లు కొట్టినట్టు శబ్దం.

మూడో చోటు యూవా అత్తది. మాయ్‌సీ తండ్రికి స్వయానా అక్క ఆవిడ. ఆఫీసు అమ్మాయి అందరి ముందూ అత్తతో కబుర్లాడితే బావుండదని, అటు వెళ్లినప్పుడల్లా మోచేతిని మెల్లగా తాకి పోవడం అలవాటు. ఇవాళా తాకింది.

తిరిగి చూసిన కళ్లు అత్తవి కావు.

బ్యాడ్జి మాత్రం అత్తదే. ఫోటో లోపలి వైపుకి తిప్పి ఉంది, పేరు వెనకవైపు కూడా అచ్చయి ఉంటుంది: యూవా కూ.

"చౌ పిన్నీ! నువ్వా?"

చౌ, యూవాకి తోటికోడలు. ఇదే లాండ్రీలో సాయంత్రం షిఫ్టు చేస్తుంది.

"అరవకు తల్లీ" అంది చౌ, చేతులు ఆపకుండానే. "ఆపితే గుడ్డ రోలర్లో ఇరుక్కుంటుంది."

"అత్తేదీ?"

"పడుకుంది. ఊపిరి పీలిస్తే పక్కలో పొడుస్తోందిట. వెళ్లి ఆవిడ్ని చూడు. నన్ను చూడకు."

"మరి సాయంత్రం నీ షిఫ్టో?"

"అదీ నేనే చేస్తాను. రెండుసార్లు లోపలికొస్తాను, రెండు పేర్లతో. నా మొగుడు కూడా నన్నింత తరచుగా పేరు పెట్టి పిలవడు."

మాస్కు వెనక నవ్విందో లేదో తెలియలేదు. అంతలో ఫ్లోరు మేనేజరు కర్ట్ అటుగా వచ్చాడు.  అతను చౌ మొహం చూడలేదు, బ్యాడ్జీ చూడలేదు. దుప్పటి అంచు చూశాడు.

"మూడో నంబరూ! ఎడమ కొస జారుతోంది!" అని అరిచి వెళ్లిపోయాడు.

మాయ్‌సీ పోస్టరు గోడకి అంటించింది. టేపు రెండుసార్లు మెలిపడింది. నియమాల పుస్తకంలో ఇంకో వాక్యం ఉంది: ఒకరి బ్యాడ్జి మరొకరు వాడితే ఇద్దరూ తక్షణం తొలగించబడుదురు. ఆ వాక్యాన్ని తను ముట్టుకోలేదు. ముట్టుకోవలసిన అవసరమూ లేదు. నదికి ఇవతలా అవతలా అది చెల్లుతుంది.

పని కాగానే సరాసరి అత్త ఇంటికి వెళ్లింది. ముందుగదిలో పరుపు వేసి ఉంది. జబ్బు నయం కావాలని మణికట్టు చుట్టూ తెల్లదారాలు కట్టించుకుని, గోడకి ఆనుకుని కూర్చుంది యూవా. పక్కన గిన్నెలో గంజి చల్లారిపోయి మీద పొర కట్టింది.

"డాక్టరేమన్నాడత్తా?"

"న్యుమోనియా అన్నాడు. మాత్రలిచ్చాడు. వారం దాకా మంచం దిగొద్దన్నాడు. వాడికేం, ఎన్నైనా అంటాడు."

"నీకు సిక్ లీవు ఉంది. ఇంట్లో పడుకున్నా జీతం వస్తుంది. ఫోన్ చేసి బాలేదంటే చాలు. బదులు మనిషిని వెతకడం నీ పని కాదు, వాళ్ల పని."

"ఎప్పట్నుంచి?"

"చట్టం వచ్చి చాలా ఏళ్లయింది."

యూవాకి దగ్గు వచ్చింది. ఒక చేత్తో పక్కటెముకలు అదిమిపట్టుకుని, అది తగ్గేదాకా ఆగి, "మాకెవరూ చెప్పలేదే" అంది.

"నిన్ననే పుస్తకంలో మార్చాను. నేనే మార్చాను."

"మంచి పని చేశావు. మీ నాన్న వింటే పొంగిపోతాడు." గొంతులో ఎత్తిపొడుపు లేదు. అందుకే మాయ్‌సీకి ఇంకా గుచ్చుకుంది. "కానీ తల్లీ, మా వరసలో పనిచేసిన జోవా ఓసారి సెలవు పెట్టింది, తెలుసా? ఇచ్చారు. కాదనలేదు. తిరిగొచ్చాక తడి గుడ్డల బండ్లు తొయ్యడానికి మార్చారు. ఆ బరువుకి దాని నడుం పోయి అదే మానేసింది. ఎవర్నేమంటావు? సెలవిచ్చారుగా!"

"అందుకని పిన్నిని పంపుతావా? పట్టుబడితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి."

"బదులు మనిషిని చూసుకోమన్నారు, చూసుకున్నాం. మొదట్లో ఆ మనిషి పేరు రాయించేవాళ్లం. రాయిస్తే అసలు మనిషికి గైర్హాజరు పడేది. బ్యాడ్జి ఇచ్చేస్తే ఏ గొడవా లేదు. మేమందరం అంతే. నేనూ చౌ బదులు వెళ్లాను, దాని రెండో కాన్పుకి." యూవా కళ్లు మూసుకుంది. "ఇన్నేళ్లలో ఒక్కడు కనిపెట్టాడా? మా చేతులు తప్ప ఏం చూస్తారు వాళ్లు?"

గురువారం పొద్దున డార్లీన్ హుషారుగా ఉంది. అది మాయ్‌సీని ఇంకా భయపెట్టింది.

"నగరం ఆవిడ మన ఉద్యోగుల్లో ఒకరిద్దరితో మాట్లాడాలంది. నా మొదటి మనిషి ఎవరో చెప్పనా? యూవా కూ! పదకొండేళ్లలో ఒక్కరోజు మానలేదు. ఏటా నేనే షీల్డు ఇస్తున్నాను. ఇంతకంటే ఏం కావాలి?"

"ఆవిడ బాగా బిడియస్థురాలండీ. ఇంగ్లీషు కూడా అంతంతమాత్రం."

"దుబాసీని వాళ్లే తెస్తున్నారు. ఎవరో చూ నెంగ్ కూ అట. మీవాళ్లేనా?"

"మా ఇంటిపేరే."

"ఇంకేం! అందరూ చుట్టాలే."

 ఇద్దరు మోంగ్ మనుషులు ఎక్కడ కలిసినా మొదటి మాట ఇంటిపేరు. కూ ఇంటి పెద్దమనిషి బ్యాడ్జి మీద కూ అని చూస్తే, మన ఆడపడుచే కదా, ఎవరి కూతురివమ్మా అని అడగకుండా ఉండలేడు. మర్యాద తెలిసినవాడైతే అసలే ఉండలేడు. పెళ్లయినా మోంగ్ ఆడవాళ్లకి పుట్టింటి పేరే ఉంటుంది, చౌ పుట్టింటివాళ్లు మూవాలు.

మధ్యాహ్నం భోజనాల గదిలో చౌ ఒక్కతే కూర్చుని, అన్నం ముద్ద చేత్తో పట్టుకుని కునుకుతోంది. మాయ్‌సీ ఎదురుగా కూర్చుని గొంతు తగ్గించి చెప్పింది. వింటున్న కొద్దీ చౌ మొహం పాలిపోయింది.

"రేపు నేను రాను."

"రాకపోతే అత్త రానట్టే కదా! ఏరికోరి ఆవిణ్నే పిలిచారు."

"వస్తే ఆయనకేం చెప్పను?"

"మా తాత పేరు చెప్పు. త్సాంగ్ యెంగ్ కూతుర్నని చెప్పు. ఒక్క మాట, అంతే."

చౌ ముద్దని డబ్బాలో పెట్టేసింది. "మా నాన్నని మట్టిలో పెట్టి ఏడాది తిరగలేదు. ఇంకో ఇంటి మనిషిని పట్టుకుని నాన్నా అననా? బ్యాడ్జి పెట్టుకోమంటే పెట్టుకుంటాను, రెండు షిఫ్టులు నిలబడమంటే నిలబడతాను. చదువుకున్నదానివి, నువ్వా ఈ మాట అడిగేది?"

మాయ్‌సీ కుర్చీలోంచి లేచింది. బయటికొచ్చి కారులో కూర్చుని అత్తకి ఫోన్ చేసింది. దుబాసీ ఎవరో చెప్పింది, చౌకి తను నేర్పబోయిన మాటా దాచకుండా చెప్పింది. అవతల ఊపిరి చప్పుడు వినిపించింది, లోపల ఏదో గరగరలాడుతున్నట్టు. తర్వాత ఫోన్ పెట్టేసిన శబ్దం.

డార్లీన్‌కి చెప్పేద్దామని ఆవిడ గది దాకా వెళ్లింది. ఆవిడ బల్లమీద క్యారెట్ ముక్కలు పెట్టుకుని, తినకుండా, కొత్త పేజీని ఎర్ర పెన్నుతో మళ్లీ మళ్లీ చదువుతోంది. "రేపు గండం గట్టెక్కితే నీకు నేను లంచ్ బాకీ" అంది తలెత్తకుండా. మాయ్‌సీ నోరు తెరిచింది. చెప్తే అత్త ఉద్యోగం తన చేత్తో తీసినట్టు. చెప్పకపోతే తెలిసీ దాచినట్టు. "అలాగేనండీ" అని వెనక్కి వచ్చేసింది.

శుక్రవారం నగరం నుంచి వచ్చిన అధికారిణి పేరు టేట్. పొట్టిగా, బొద్దుగా, కళ్లజోడు తాడుకి వేలాడేసుకుని ఉంది. మాటలో తొందర లేదు. అలాంటివాళ్లని చూస్తే మాయ్‌సీకి మరీ భయం. దుబాసీ చూ నెంగ్ ముసలాయన, కోటు విప్పి చక్కగా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. వాళ్లతో పాటు డార్లీన్, మాయ్‌సీ కూడా భోజనాల గదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు. అద్దాల గోడల్లోంచి ఒకవైపు ఇస్త్రీ యంత్రాలు, ఇంకోవైపు వీధి తలుపు కనబడతాయి.

చౌ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. మాస్కు తీయలేదు. బ్యాడ్జి పేరు ముందుకి తిరిగి ఉంది.

"ఒంట్లో బాగాలేకపోతే ఏం చేస్తారో ఆవిడ్ని అడగండి" అంది టేట్.

చూ నెంగ్ ముందుకు వంగాడు. బ్యాడ్జి చూసి ఆయన మొహం విప్పారింది. "అరె, మన ఆడపడుచువేనన్నమాట! నేనూ కూ ఇంటివాణ్నే. ఎవరి కూతురివమ్మా?"

చౌ ఒళ్లో చేతులు చూసుకుంటూ ఉండిపోయింది.  అద్దం అవతల దుప్పట్లు విదిలిస్తున్న చప్పుడు మాత్రం లోపలికి వస్తోంది.

"ఏమంటున్నారు?" అంది టేట్.

"పలకరించానండీ. ఎవరి కుటుంబమో అడిగాను." ఆయన చౌ వైపు చూశాడు, మళ్లీ బ్యాడ్జి వైపు. మొహంలో వెలుగు మెల్లగా తగ్గింది.

తలుపు తోసుకుని కర్ట్ తల లోపలికి పెట్టాడు. "మాయ్‌సీ, వీధి తలుపు దగ్గర ఎవరో ఆవిడ నంబరు కొడుతోంది, కొడుతూనే ఉంది. ఆ నంబరు మనిషి ఇప్పటికే లోపల ఉందంటోంది మిషను. మీ భాషావిడలా ఉంది. పని కావాలంటే సోమవారం రమ్మని చెప్పు."

మాయ్‌సీ అద్దంలోంచి చూసింది. మంచులో, దుప్పటి లాంటి కోటు కప్పుకుని, తలుపు చట్రం పట్టుకుని నిలబడి ఉంది యూవా. పదకొండేళ్లుగా పొద్దున్నే ఆ తలుపులోంచే లోపలికి వస్తున్న మనిషి.

పరిగెత్తలేదు. పరిగెత్తితే అందరికీ తెలుస్తుంది. నడిచి వెళ్లి తలుపుని బెత్తెడు తెరిచింది.

"ఇంటికెళ్లిపో అత్తా. కాళ్లు పట్టుకుంటాను. తాత పేరు నేను చెప్తాను. పిన్ని నోటితో చెప్పించను."

"నువ్వు చెప్తే మాత్రం అది మా నాన్న కూతురవుతుందా?" యూవా పెదాలు నీలంగా ఉన్నాయి. "తలుపు తియ్యి. చలేస్తోంది."

ఆ బెత్తెడు సందులోంచి చలిగాలి వచ్చి మాయ్‌సీ చేతికి తగిలింది. వెనక అందరి కళ్లూ తన వీపు మీద ఉన్నట్టు తెలుస్తోంది. తలుపు మూస్తే ఇవాళ గడిచిపోతుందేమో. చూ నెంగ్ మంచివాడు, ఏమీ అనడేమో. టేట్‌కి భాష రాదు. డార్లీన్‌కి మొహాలు గుర్తుండవు. తలుపు మూస్తే చాలు.

తలుపు పూర్తిగా తీసి అత్త నడుం చుట్టూ చెయ్యి వేసింది.

భోజనాల గదిలోకి వచ్చేసరికి చౌ లేచి నిలబడింది. తన కుర్చీలో తోటికోడల్ని కూర్చోబెట్టి, బ్యాడ్జి తీసి ఆవిడ ఒళ్లో పెట్టింది. డార్లీన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఏటా షీల్డు అందిస్తూ నవ్విన మొహం ఏదో ఇప్పటికీ పోల్చుకోలేకపోతోందని మాయ్‌సీకి అర్థమైంది.

"ఈవిడ యూవా కూ" అంది మాయ్‌సీ.  "మా మేనత్త. న్యుమోనియాతో ఉంది. ఆవిడ చౌ మూవా, సాయంత్రం షిఫ్టులో పనిచేస్తుంది. ఈ వారం పగలు మా అత్త బదులు వస్తోంది. ఒంట్లో బాగాలేనివాళ్లే బదులు మనిషిని తెచ్చుకోవాలని మా పుస్తకంలో ఉంది."

"లేదు" అంది డార్లీన్ గబుక్కున. "ప్రస్తుతం లేదు."

"మంగళవారం దాకా ఉంది. మంగళవారం నేనే చెరిపాను. కొత్త పేజీ ఇంకా ఫ్లోరు మీదికి పోలేదు."

డార్లీన్ మాయ్‌సీ వైపు చూసిన చూపులో కోపం కంటే బెదురే ఎక్కువ. "బ్యాడ్జి మార్చుకోవడం... అది వేరే విషయం. దాని గురించి మేం మాట్లాడాలి."

"మాట్లాడదాం" అంది టేట్ కళ్లజోడు పెట్టుకుంటూ. "ముందు బదులు మనిషిని తెమ్మన్న నియమం గురించి మాట్లాడదాం. ఎన్నేళ్లుగా ఉందో కూడా." చూ నెంగ్ వైపు తిరిగింది. "ఆవిడ ఇవాళ పనిచేయగల స్థితిలో ఉందో లేదో అడగండి."

ఆయన అడిగాడు. ఇంటిపేరు ఎత్తలేదు. అమ్మా అని మాత్రం అన్నాడు.

యూవాని ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబోలు, జవాబు కోసం ఎక్కడో వెతుక్కుంటున్నట్టుంది. చివరికి, "లేదు. బాలేదు" అంది. అని, ఏదో తప్పు మాట జారినట్టు మేనకోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఉద్యోగం తీసేస్తారా?"

"తెలీదత్తా."

"నిన్నో?"

"అదీ తెలీదు."

అంతలో అద్దం అవతల గంట మోగింది. మూడో చోటు ఖాళీగా ఉంది. ఇవతలి కొస పట్టేవాళ్లు లేక దుప్పటి అడ్డంగా పోయి రోలర్ల దగ్గర ముద్దకట్టింది. ఎదుటి మనిషి యంత్రం ఆపి, రెండు చేతులూ గాల్లో తిప్పింది. కర్ట్ పరిగెత్తాడు. అటూ ఇటూ చూశాడు. భోజనాల గది వైపు చూసి, "మూడో నంబర్ని పంపండి!" అని సైగ చేశాడు. టేట్ తల అడ్డంగా ఊపింది. చౌ గోడకి జారగిలబడి అప్పటికే కళ్లు మూసుకుంది.

కర్ట్ ఇంకాసేపు నిలబడ్డాడు. ఆసుపత్రి లారీ వాకిట్లో హారన్ కొట్టింది. చొక్కా చేతులు పైకి మడుచుకుని, తల మీద వల తగిలించుకుని, మూడో చోటులో నిలబడ్డాడు. మొదటి దుప్పటి అతని చేతుల్లోంచి జారింది. రెండోది మెలిపడింది. ఎదుటావిడ తన భాషలోనే ఏదో గట్టిగా చెప్పింది. వరస పొడుగునా మాస్కుల వెనక నవ్వులు కదిలాయి.

యూవా కుర్చీలోంచి కాస్త లేచి, అద్దంలోంచి అతని చేతుల్నే చూస్తోంది.

"అబ్బాయి చేతులు కాల్చుకుంటాడే. ఆ చోట రోలరు అంచు బయటికి ఉంటుంది. ఒక్క జత గ్లవ్స్ చాలవు, కింద నూలువి కూడా వేసుకోవాలి. నా అరలో ఉన్నాయి, తీసుకెళ్లి ఇయ్యి."

మాయ్‌సీ తీసుకెళ్లింది. కర్ట్ చెమటతో, ఎర్రబడ్డ వేళ్లతో వాటిని అందుకున్నాడు.

"ఎవరు పంపారు?"

"యూవా కూ" అంది మాయ్‌సీ, అద్దం వైపు చూపిస్తూ.

కర్ట్ తలెత్తి ఆ మొహం వైపు చూశాడు.